పై వరుసలో సంతకం

మా వదిన నాకు చేసిన పని అర్థం కావాలంటే ముందు మా స్కూల్లో కాపీలు తీసే మిషన్ గురించి చెప్పాలి.

దాని అద్దం పొట్టిది. మా పిల్లలు రాసే కాగితం పొడుగుది. కాగితాన్ని ఉన్నదున్నట్టు అద్దం మీద పరిచి మీట నొక్కితే పైన నాలుగు వేళ్ల మేర కాపీలోకి రాదు. సైజు తగ్గించే మీట ఇంకోటి ఉంది, అది నొక్కాలి. ఈ సంగతి పట్టించుకోక ఒక ఏడాది లెక్కల ప్రశ్నపత్రం మొత్తం మొదటి రెండు ప్రశ్నలు లేకుండా బయటికొచ్చింది. లెక్కల మాస్టారు తల పట్టుకున్నాడు, పిల్లలు పండగ చేసుకున్నారు. అప్పుడు మా వదిన ఎర్ర సిరాతో ఒక చీటీ రాసి మిషన్ మూత మీద అంటించింది. "పొడుగు కాగితమా? సైజు తగ్గించండి. పై భాగం పోతుంది." ఆ చీటీ ఇప్పటికీ అక్కడే ఉంది, అంచులు మాత్రం కాస్త నలిగాయి.

ఆవిడ మా ఆయనకు అక్క, మా స్కూలుకు ప్రిన్సిపాల్. ఇంట్లో "వదినా" అంటాను, గేటు దాటి లోపలికి వస్తే "మేడమ్" అంటాను. కోపం వస్తే మాత్రం గేటు లోపల కూడా వదినే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి స్టాఫ్ రూములో అందరికీ ఆవిడ వదిన అయిపోయింది. ఒకసారి ప్యూను కూడా నోరు జారి "వదినగారు పిలుస్తున్నారు" అన్నాడు, ఆవిడ వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

పదకొండేళ్ల కిందట మేమిద్దరం పట్టుబట్టి ఒక పీరియడ్ తెచ్చాం. వారానికి రెండుసార్లు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు. మతాలు, మనుషుల నమ్మకాలు. "మతం ఇంట్లో చెప్పుకుంటాం కదా, స్కూల్లో ఎందుకు?" అని తల్లిదండ్రుల కమిటీ నిలదీసింది. వదిన తడుముకోలేదు. "ఇంట్లో మన ఇంటి మాటే చెబుతామండీ. పక్కింటివాళ్ల మాట మన పిల్లలకి ఎవరు చెబుతారు? చెప్పకపోతే ఎవరో ఒకరు వంకరగా చెబుతారు" అంది. కమిటీ నోరు మూసుకుంది. ఆ రోజు నేను ఆవిడని నెత్తిన పెట్టుకున్నాను. మొన్న మొన్నటిదాకా దించలేదు.

ఏ ఇల్లు ఏ మతమో ఇందులో చెప్పను. చెబితే మీరు వెంటనే ఓ పక్కకి జరిగి కూర్చుంటారు. క్లాసులో మొదటి రోజు పిల్లలూ అలాగే కూర్చుంటారు.

ఆ పీరియడ్‌లో నేను పాఠం చెప్పేది తక్కువ. ప్రతి ఒక్కరూ తమది కాని ఒక ఇంటి నమ్మకం గురించి రాయాలి. "వాళ్లు ఇలా అనుకుంటారు" అని దూరం నుంచి రాయకూడదు. వాళ్ల నోటితో, "నేను" అని రాయాలి. కాగితం పై వరుసలో మాత్రం ఇలా ఉండాలి: "ఈ మాట నాది కాదు, ఫలానా వారిది. నేను చేరవేస్తున్నాను." ఆ వరుస పక్కనే ఆ ఇంటివాళ్లెవరైనా చదివి సంతకం పెట్టాలి. సంతకం అంటే "అవును, మేం ఇలాగే అంటాం" అని ఒప్పుకోవడం. సంతకం లేకపోతే మార్కులు లేవు. మార్కులు నా చేతిలో ఉండవు, ఎవరి మాట మోశారో వాళ్ల చేతిలో ఉంటాయి. పిల్లలు దానికి చేరవేత పీరియడ్ అని పేరు పెట్టారు.

అస్తమానం తుమ్ముతూ ఉండే పిల్లాడొకడు పస్తులుండే వాళ్ల గురించి రాస్తూ "గ్యాస్ ఆదా అవుతుందని నేను తినను" అని రాసుకొచ్చాడు. పక్క బెంచీ అమ్మాయి ఆ కాగితాన్ని వాడి మొహాన కొట్టింది. రెండోసారీ తిప్పి పంపింది, మూడోసారీ అంతే. చివరికి వాడు వాళ్లింటికి వెళ్లి, ముసలావిడ పక్కన గంట కూర్చుని రాశాడు. "ఆకలేసినప్పుడల్లా నాకు ఒకరు గుర్తొస్తారు. గుర్తు రావాలనే తినను." ఆవిడ సంతకం పెట్టి, తనకొక కాపీ కావాలని అడిగింది. ఇలాంటివి పదకొండేళ్లలో ఎన్ని చూశానో. ఈ పీరియడ్ వల్ల ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే ఆ ముసలావిడ దగ్గరికి పంపిస్తాను.

ఇంకో రూలు కూడా ఉంది. తన పేరు చెప్పొద్దని ఎవరైనా అంటే చెప్పకూడదు. పై వరుసలో "ఒకరిది" అని రాసి, చిన్న పొడి సంతకం తీసుకుంటే చాలు.

తాళాలాయన మాకు బాగా దగ్గరయ్యింది ఈ పీరియడ్ వల్లే. స్కూలు వీధి మలుపులో ఆయన కొట్టు. తాళంచెవి అరగదీసే చిన్న మిషన్, గోడ నిండా మేకులు, మేకులకి ఇంకా పళ్లు కొయ్యని చెవులు. నాలుగేళ్ల కిందట మా పొడుగు కాళ్ల కుర్రాడొకడు ఆయన మాట రాశాడు. "నేను పరాయివాళ్ల ఇళ్ల తాళాలు తీస్తాను. నన్ను ఎవరూ చూడటం లేదని ఏ రోజూ అనుకోను. అదే నా ప్రార్థన." అది చదివి ఆయన కళ్లు ఒత్తుకున్నాడు. సంతకం పెట్టి, కాపీ తీయించుకుని, కొట్లో గోడకి అంటించాడు. సైజు తగ్గించి తీసిన కాపీ, పై వరుసతో సహా. తర్వాత కమిటీలో చేరాడు. పీరియడ్ గురించి ఎవరు నసిగినా ముందు లేచి మాట్లాడేది ఆయనే.

ఆయన కూతురు ఈ ఏడాది తొమ్మిదిలోకి వచ్చింది. తల్లి పోయి అప్పటికి ఏడాది దాటింది. మితంగా మాట్లాడే పిల్ల. ఎవరి గురించి రాస్తావంటే "దేవుడు లేడనుకునేవాళ్ల గురించి టీచర్" అంది. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. "ఎందుకమ్మా?" అన్నాను.

"మా ఇంట్లో అమ్మ పైనుంచి చూస్తోందంటారు. మళ్లీ కలుస్తామంటారు. నాన్న ఆ మాట పట్టుకునే లేస్తారు, పడుకుంటారు. అలా అనుకోనివాళ్లు ఎలా లేస్తారో తెలుసుకుందామని."

సరే అన్నాను. తీరా చూస్తే సంతకం పెట్టే మనిషి దొరకలేదు. పిల్ల లైబ్రరీ ఆయన్ని అడిగింది, ఆటల టీచర్ని అడిగింది, బస్సు డ్రైవర్ని కూడా అడిగింది. ఒకరు నవ్వేశారు, ఒకరు మాట మార్చారు, డ్రైవరు "నాకెందుకొచ్చిన గొడవ తల్లీ" అన్నాడు. మూడు వారాల తర్వాత వరండాలో నా దగ్గరికొచ్చి నిలబడింది. "టీచర్, అలాంటివాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరా?"

"ఉన్నారు" అన్నాను. "నన్నడుగు."

అప్పటిదాకా ఆ మాట నేను ఏ ప్రాణితోనూ అనలేదు. మూడేళ్ల కిందట మా ఆయన పోయాడు. వదిన ఉండేది మా పై వాటాలోనే. ఆయన పోయిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే నన్ను పైకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసేది. నేనూ కళ్లు మూసుకునేదాన్ని. మూసుకుని ఆ రోజు చెప్పాల్సిన పాఠం నెమరేసుకునేదాన్ని. ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉండేది. ఆ చెయ్యి కోసం వెళ్లేదాన్ని, అంతే. చెబితే ఆ చెయ్యి తీసేస్తుందేమోనని భయం.

మూడు మధ్యాహ్నాలు, అన్నం గంటలో, ఖాళీ క్లాసులో కూర్చుని ఆ పిల్లకి చెప్పాను. అది రెండుసార్లు రాసుకొచ్చింది, రెండుసార్లూ తిప్పి పంపాను. మూడోసారి తెచ్చింది చదివాక సంతకం పెట్టకుండా ఉండలేకపోయాను.

"పోయిన మనిషి ఎక్కడో ఉన్నారని అందరూ నాకు చెప్పారు. నేను గుమ్మం దగ్గర చెప్పులు చూశాను. అక్కడే ఉన్నాయి. ఎక్కడికైనా వెళ్లే మనిషి చెప్పులు వేసుకుని వెళ్తారు. ఎక్కడా లేరని తెలిశాక నాకు భయం వెయ్యలేదు. ఇంక వెతకక్కర్లేదని ఆ రాత్రి నిద్ర పట్టింది. మళ్లీ కలుస్తామని నేను అనుకోను. అందుకే ఉన్నవాళ్లతో చెప్పాల్సింది ఇవాళే చెబుతాను."

పై వరుసలో "ఈ మాట నాది కాదు, దేవుడు లేడనుకునే ఒకరిది. నేను చేరవేస్తున్నాను" అని ఉంది. పక్కన నా పొడి సంతకం. "నాదని ఎవరికీ చెప్పొద్దమ్మా" అన్నాను.

"చెప్పను టీచర్. అది రూలే కదా" అంది. నేను అడగడమే అనవసరం అన్నట్టు చూసింది.

నెల తిరక్కుండానే వదిన స్టాఫ్ రూముకి వచ్చింది. "కమిటీ వాళ్లు మళ్లీ మొదలెట్టారు. ఈసారి పీరియడ్ తీసేసి లెక్కలకి ఇమ్మంటున్నారు. మంచివి నాలుగు కాగితాలు తీసివ్వు, చూపిస్తాను" అంది. నేను నాలుగు తీశాను, తాళాలాయన కూతురు రాసింది అన్నిటికన్నా పైన పెట్టాను. నా సంతకం వదిన కంట పడుతుందని తెలియదా? తెలుసు. పదకొండేళ్లుగా హాజరు పట్టీలో చూస్తున్న సంతకం. నోటితో చెప్పలేని మాట కాగితం చెబుతుందనుకున్నాను. చూశాక నన్ను పిలుస్తుంది, తిడుతుంది, ఏడుస్తుంది, అదంతా అయ్యాక ఏం చేయాలో ఇద్దరం కలిసి చూసుకుంటాం అనుకున్నాను. నాలుగు రోజులు గడిచాయి, ఆవిడ పిలవలేదు. పొద్దున ప్రార్థనలో చెయ్యి ఎప్పటిలాగే నా చేతి మీద ఉంది.

సమావేశం బుధవారం మధ్యాహ్నం, లైబ్రరీలో. రెండు బల్లలు కలిపి వేశారు. కమిటీ పెద్ద బట్టల షాపాయన మధ్యలో, మిగిలిన ఆరుగురు అటూ ఇటూ. వదిన ఓ చివర, నేను ఓ చివర. అందరి ముందూ ఒకే కాగితం కాపీ ఉంది. మిగతా మూడూ ఎక్కడా కనబడలేదు. తాళాలాయన కుర్చీ వెనక కూతురు నిలబడి ఉంది, యూనిఫామ్‌లో, చేతులు కట్టుకుని.

కాగితం తీసి చూశాను. "పోయిన మనిషి ఎక్కడో ఉన్నారని" అనే మాటతో మొదలవుతోంది. పై వరుస లేదు. సంతకం లేదు. మిషన్ కోసేసింది అనుకున్నాను. నిజంగా ముందు అదే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

తాళాలాయన లేచాడు. ఎప్పుడూ మా తరఫున లేచే మనిషి. "టీచరుగారూ, మీ క్లాసు పద్ధతి నాకు తెలుసు. మీ పిల్లలు రాసే కాగితానికి పైన ఎవరి మాటో ఉంటుంది. మా కొట్లో గోడ మీద కూడా ఉంది. దీనికి లేదు. అంటే ఇది మా అమ్మాయి సొంత మాటే కదండీ?"

ఆ రూలు మీద ఆయనకున్న గౌరవమే ఆయన్ని తప్పుదారి పట్టించింది. రూలు తెలియని మనిషయితే పాఠంలో భాగం కాబోలనుకుని ఊరుకునేవాడు.

"వాళ్లమ్మ చెప్పులు ఇంకా మా గుమ్మం దగ్గరే ఉన్నాయండీ" అన్నాడు. "నేనే తియ్యనివ్వలేదు. అవి చూసి నా కూతురు అనుకునేది ఇదని నాకు తెలియదు."

నేను నోరు తెరిచాను. పై వరుస సంగతి చెప్పబోయాను.

వదిన అందుకుంది. "టీచరుగారికి ఈ కాగితం సంగతి తెలియదండీ. పాఠంలోది కాదు. పిల్ల తనంతట తను రాసుకుని కట్టలో పెట్టింది. చిన్నతనం. మందలించి వదిలేద్దాం." చెబుతున్నంతసేపూ ఆవిడ నా వైపు చూడలేదు. చెప్పడం అయ్యాక చూసింది. ఒక్క చూపు. అది మిషన్ తప్పు కాదని ఆ చూపుతో తెలిసిపోయింది.

"అంతేనా టీచరుగారూ?" అన్నాడు బట్టల షాపాయన. "ఇవి మీరు రాయించిన మాటలు కావుగా?"

ఏడుగురూ నా వైపు చూస్తున్నారు. ఒక్క మాట చాలు. నావి, అంటే చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. దాని వెనకే మిగతావన్నీ వచ్చాయి. మతాలు చెప్పే టీచరుకే నమ్మకం లేదట అని వీధి మాట్లాడుకోవడం, నా ఉద్యోగం, పీరియడ్, పొద్దున్నే నా చేతి మీద ఉండే చెయ్యి. నీళ్లు నమిలాను. ముందున్న కాగితం అంచు సరిచేశాను. అది సరిగ్గానే ఉంది, అయినా సరిచేశాను.

తాళాలాయన కూతురి వైపు తిరిగాడు. "కాపీ ఇంటికి వచ్చిన రోజు అడిగితే నాది కాదన్నావు. ఎవరిదంటే చెప్పలేదు. ఇక్కడైనా చెప్పు తల్లీ. ఎవరివి ఈ మాటలు?"

పిల్ల నా వైపు చూసింది. తొందర పెట్టలేదు. క్లాసులో ఎవరికైనా జవాబు తట్టకపోతే నేనెలా ఆగుతానో అలా ఆగింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. నేను కాగితం చూసుకుంటున్నాను.

"నావే నాన్నా" అంది.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కూతురి భుజం మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండా బయటికి నడిచాడు. అది వెనకాలే వెళ్లింది.

పీరియడ్ నిలిచింది. ఇక మీదట దేవుడు లేడనేవాళ్ల మాట రాయించకూడదన్న షరతు మీద ఏకగ్రీవంగా నిలిచింది. అందరూ లేచి మా ఇద్దరికీ నమస్కారాలు పెట్టి వెళ్లారు.

నేను తిన్నగా వదిన గదికి వెళ్లాను. మిషన్ ఆ గది మూలనే ఉంటుంది. మూత మీద చీటీ, ఎర్ర సిరా.

"ఆ కాపీలు ఎవరు తీశారు?"

"నేనే."

"ఈ చీటీ ఎవరు రాశారు?"

"నేనే రాశాను. కూర్చో."

"కూర్చోను వదినా. కావాలనే కోశావు."

"కావాలనే కోశాను" అంది. ఒక్క అబద్ధమైనా ఆడుతుందనుకున్నాను. ఆడి ఉంటే కాస్త తేలికపడేదాన్నేమో. "ఎవరో పిల్ల దేవుడు లేడని రాసిందని ఎవరింట్లోనో చెప్పారట. ఆ కాగితమే కావాలన్నారు కమిటీవాళ్లు. పై వరుసతో ఇస్తే నీ సంతకం చూస్తారు. ఆ గదిలో ఇద్దరికి నీ సంతకం తెలుసు. నువ్వు పోతావు, నీతోపాటు పీరియడ్ పోతుంది. పదకొండేళ్ల కష్టం. ఒక పిల్ల నాలుగు రోజులు ఏడుస్తుంది. పీరియడ్ ఉంటే ఏటా ఎంతమంది పిల్లలు మనుషులవుతారో నువ్వే చెప్పు. తాళాలాయన మంచివాడు, కూతుర్ని కడుపులో పెట్టుకుంటాడనుకున్నాను."

నా ఒళ్లు మండిపోయింది. "పక్కింటి మాట వంకరగా చేరకూడదనే కదా ఈ పీరియడ్ పెట్టాం? నువ్వే కోసి చేరవేశావు. ఆ పిల్ల నోట్లో లేని మాట పెట్టి, వాళ్ల నాన్న చేత చదివించావు. ఆ పీరియడ్ ఉంటే ఎంత, ఊడితే ఎంత? నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"నువ్వు నన్నడిగావా?" అంది. అప్పుడు లేచింది. "మూడేళ్లు. రోజూ నా పక్కన కూర్చున్నావు. నేను వాడి కోసం ఏడుస్తూ ప్రార్థన చేస్తుంటే నువ్వు పక్కన ఏం చేస్తున్నావే? ఆ చెప్పులు మా తమ్ముడివి కదూ?"

"అవును."

"వాడు ఎక్కడా లేడా?"

ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, నేను దగ్గరికి వెళ్లలేదు. నన్ను చెల్లెలి కన్నా ఎక్కువని పదిమందిలో చెప్పుకునే మనిషి నా వెన్నులో పొడిచిందని నా బాధ. పొద్దున్నే కళ్లు మూసుకుని తనని మూడేళ్లు మోసం చేశానని ఆవిడ బాధ. ఏ బాధ పెద్దదో తేల్చుకునే ఓపిక ఇద్దరికీ లేదు.

సొరుగు తెరిచి అసలు కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "ఇదిగో, చింపలేదు. చింపలేకపోయాను" అంది. నేను తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి అంది. "కాగితం నేను కోశాను, నిజమే. నీ నోరు నేను కొయ్యలేదుగా?"

తలుపు గట్టిగా వేశాను.

గురువారం ఆ పిల్ల రాలేదు. శుక్రవారం రాలేదు. సోమవారం తాళాలాయన వచ్చి టీసీ తీసుకుని వెళ్లాడని గుమాస్తా చెప్పాడు. వేరే స్కూల్లో వేస్తున్నాడట. ఆ వారం రోజులూ నేను వదినని మనసులో తిట్టుకుంటూనే గడిపాను. ఆవిడని తిట్టినంతసేపు నాకు హాయిగా ఉండేది. పైకి వెళ్లలేదు, ఆవిడ పిలవలేదు. తిట్లు అయిపోయాక మిగిలిందల్లా ఆ గడియారం చప్పుడు, ఆ పిల్ల ఆగిన తీరు. అది ఆగింది నా కోసం. నేను ఆ మాట అంటానని నమ్మి ఆగింది.

మంగళవారం స్కూలు అయ్యాక అసలు కాగితం ఫైల్లో పెట్టుకుని కొట్టుకి వెళ్లాను. ఆయన ఒక చెవికి పళ్లు కోస్తున్నాడు. చూసి మిషన్ ఆపాడు. స్టూలు జరిపాడు కానీ కూర్చోమనలేదు. గోడ మీద పొడుగు కాళ్ల కుర్రాడి కాగితం అలాగే ఉంది. వెనక ఇంట్లోకి వెళ్లే గుమ్మం పక్కన ఒక ఆడమనిషి చెప్పుల జత కనబడింది.

"ఇది చదవండి" అని కాగితం ఇచ్చాను. "మొదటి నుంచి."

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకుని తీసుకున్నాడు. పై వరుస చదివాడు. సంతకం దగ్గర ఆగాడు. మిగతాదంతా మళ్లీ చదివాడు, పెదవులు కదుపుతూ.

"ఒకరంటే ఎవరండీ?" అన్నాడు.

"నేనే. ఆ చెప్పులు మా ఆయనవి. మీ అమ్మాయి వాళ్లమ్మ గురించి ఒక్క మాట కూడా రాయలేదు."

ఆయన కాగితాన్ని చెవుల డబ్బా మీద జాగ్రత్తగా పెట్టాడు, మరక అంటకుండా. "వారం పైగా దాంతో సరిగ్గా మాట్లాడలేదండీ. నాది కాదని మొదట చెప్పిందే, నేనే నమ్మలేదు. పైన వరుస లేదు కదా అన్నాను" అన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "మీరు నమ్మినా నమ్మకపోయినా నాకేం బాధ లేదు టీచరుగారూ. అది మీ ఇల్లు. ఆ ముక్క నాకు నేర్పింది మీ క్లాసే. కానీ మీరు ఆ గదిలోనే ఉన్నారు కదండీ."

"ఉన్నాను" అన్నాను.

"వేరే స్కూలు మాట నాది కాదు. దానిదే. ఇంక అక్కడ చదవనంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది." ఆయన గుమ్మం వైపు తిరిగి పిలిచాడు. "అమ్మా, మీ టీచరుగారు వచ్చారు. ఒక్కసారి రా తల్లీ."

లోపల కుర్చీ కదిలిన చప్పుడయింది. ఎవరూ రాలేదు. ఆయన లోపలికి వెళ్లాడు. తగ్గు గొంతుతో మాటలు వినబడ్డాయి, ఆయనవే ఎక్కువ. తర్వాత కలం గీస్తున్న చప్పుడు, కొద్దిసేపే. ఆయన బయటికి వచ్చాడు, చేతిలో మా స్కూలు పొడుగు కాగితం ఒకటి.

"రానంటోంది. దీని మీద సంతకం చెయ్యమంది మిమ్మల్ని. సరిగ్గా ఉంటేనే చెయ్యమంది."

కాగితం పైన, ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో ఒక వరుస ఉంది. "ఈ మాట నాది కాదు, బుధవారం నాడు లైబ్రరీలో మా టీచరుగారిది. నేను చేరవేస్తున్నాను." కింద స్కేలు పెట్టి గీసిన గీత ఉంది. గీత కింద, కాగితం చివరిదాకా, ఒక్క అక్షరం లేదు.

రెండుసార్లు తిప్పి పంపినదాన్ని నేను. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చూశాను. ఆ రోజు నేను అన్నదంతా అందులో ఉంది, ఒక్క మాట పోలేదు. తాళాలాయన కలం ఇచ్చాడు. ఈసారి పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను.